చుక్కల వెనక పాస్‌వర్డ్

సాయంత్రం ఆళ్లగడ్డలో నెట్ సెంటరుకు వెళ్తే, వేరేవాళ్లు చదవకుండా మెయిలుకు తాళం వేసే ప్రోగ్రామును కంప్యూటర్లోంచి తీసేసి ఉన్నారు. ఎందుకని అడిగితే, యజమాని గోడకు అంటించిన పేపరు ముక్క చూపించాడు. కొత్త టెలికాం చట్టమట: ‘సమాచారాన్ని దాచే ఏ సాధనమూ వాడరాదు.’

తర్వాత రిజిస్టరు ముందుకు తోసి, “నీ పాస్‌వర్డ్ ఈడ రాయన్నా” అన్నాడు.

నేను అడిగాను: “పాస్‌వర్డ్ ఎందుకప్పా?”

“టైపు చేస్తే చుక్కలే కదా కనపడేది. అది దాచడం కాదా ఏంది? ఏ సాధనమో చట్టంలో సరిగ్గా రాయలేదు. రేపు పోలీసులొస్తే నేనేం చెప్పేది?”

తిట్టబోతూ రిజిస్టరు చూశాను. అందరూ బుద్ధిగా రాసేశారు. మొదటి వరుసలోనే మా వకీలు గారి పాస్‌వర్డ్!

మీలో ఇంకెవరైనా ఇలా రాసిచ్చారా? నిజం చెప్పండి. పాస్‌వర్డ్ మాత్రం చెప్పకండి.