మా అత్తగారి గుండు

మొన్న విజయనగరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, కాఫీ గ్లాసు పెట్టుకుందామని టీపాయ్ మీద చోటు చేస్తుంటే ఒక చిన్న బ్రష్షు చేతికి తగిలింది. తెల్లటి ప్లాస్టిక్కు, అరచేతిలో ఇమిడేంత, దాని మీద గరుగ్గా పొట్టి కుచ్చు దగ్గర దగ్గరగా నిలబడి ఉంది. బట్టలు ఉతికేదా అంటే కాదు, బూట్లు తుడిచేదా అంటే కాదు. చెల్లెలి మనవడికి నాలుగేళ్ళు. వాడికి చొక్కా వేస్తే ఏడుపు, మిక్సీ తిప్పితే ఏడుపు, తలకి నీళ్ళు పోస్తే ఇల్లు ఎగిరిపోయేంత ఏడుపు. ఇలాంటి పిల్లల కోసం పెట్టిన సెంటరుకి తీసుకెళ్తే, తాకిడీ చప్పుడూ వాడికి మనకి తెలిసినట్టు కాక పదింతలుగా తెలుస్తాయని చెప్పి, రోజూ చేతులకీ వీపుకీ రాయమని ఆ బ్రష్షు ఇచ్చారట. చెల్లెలు ఇదంతా చెబుతూనే ఉంది గానీ నేను సగమే విన్నాను. నా అరచెయ్యి ఆ కుచ్చు మీద ముందుకీ వెనక్కీ పోతోంది. "ఏటే అక్కా, కళ్ళంట నీళ్ళెట్టుకున్నావు?" అంది కంగారుగా. మా అత్తగారి గుండు జ్ఞాపకం వచ్చిందే అన్నాను. దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు పాపం.

మన తరం వాళ్ళకి చెబితే ఇట్టే అర్థమవుతుంది. మనం పిల్లల్ని పెంచిన రోజుల్లో ఇలాంటి వాటికి పేరూ లేదు, సెంటరూ లేదు. పెంకితనం అనేవారు, దిష్టి అనేవారు, గాలి సోకిందనేవారు, మరీ మంచివాళ్ళయితే గారాబం ఎక్కువైందనేవారు. ఏమన్నా చివరికి తప్పు తల్లి మీదకే వచ్చి వాలేది. నేనూ ఊరుకునే మనిషిని కాను గనక ఒకటికి రెండు అనేసి, ఆ తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

మా అత్తవారి ఊరు నౌపడ అవతల, ఉప్పు మడులు దాటాక వచ్చే పల్లె. పల్లంలో వరి, మెట్టలో నువ్వులూ ఉలవలూ, ఇంటి నిండా బస్తాలు. పెళ్ళైన చాలా ఏళ్ళకి గానీ నాకు పాప పుట్టలేదు. ఆ ఏళ్ళలో మా అత్తగారు మొక్కని దేవుడు లేడు. ఆఖరికి భావనపాడు దారిలో ఉన్న మా ఇలవేల్పు అమ్మవారి ముందు నిలబడి, ఈ ఇంట బిడ్డ పుడితే పుట్టు వెంట్రుకలు నీ గుమ్మంలోనే తీయిస్తానని మొక్కుకుందిట. ఆ మరుసటి ఏడే పాప పుట్టింది. అంచేత ఆ పిల్లని నేను కన్నానన్న సంగతి ఆవిడ ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. "అమ్మోరిచ్చింది, నువ్వు మోసేవు, అంతే" అనేది.

పాప నడక నేర్చేసరికే తేడా తెలిసింది. తలకి నూనె రాస్తే కాలిన చోట కారం పెట్టినట్టు అరిచేది. గౌను మెడ వెనక కంపెనీ పేరుతో చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది చూడండి, అది తగిలితే చాలు, గౌను విప్పి పారేసేదాకా ఊరుకునేది కాదు. కుక్కరు కూత వేయబోతుందని మాకు తెలిసేలోపే దానికి తెలిసిపోయి, చెవులు మూసుకుని దొడ్లోకి పరిగెత్తేది. పప్పన్నం నోట్లో పెడితే ఓకరింత. మరమరాలు, వేయించిన జీడిపప్పు, మాడిన అట్టు అంచులు, ఇవే దాని భోజనం. ఒకసారి భావనపాడు సముద్రానికి తీసుకెళ్తే ఇసక మీద కాలు మోపనని నా నడుం చుట్టూ కాళ్ళు పెనవేసి సాయంత్రం దాకా దిగలేదు. మా ఆయన మాత్రం హాయిగా స్నానం చేసొచ్చి గాలి బాగుందన్నారు. పోనీ ఏదీ ఒంటికి తగలకూడదా అంటే, అదీ కాదు. కనబడకపోతే ధాన్యం బస్తాల మధ్య వెతికేవాళ్ళం. రెండు బస్తాల సందులో బిగిసి కూర్చుని హాయిగా కునుకు తీస్తుండేది.

అన్నిటికంటే పెద్ద యుద్ధం జుట్టు దగ్గర. దువ్వెన చూస్తే మంచం కిందకి దూరేది. పుట్టు వెంట్రుకలు ఇవ్వలేదు గనక కత్తెర వేయడానికీ లేదు, అది కాస్తా ఉండలు కట్టి మెడ మీద పడి ఇంకా చిరాకు పెట్టేది. ఏడాది నిండినప్పుడు జ్వరం వచ్చి మొక్కు వాయిదా పడింది. మూడో ఏట తీర్చబోయాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి గనక మా అన్నయ్య వచ్చాడు. తడి చేద్దామని నెత్తిన కాసిని నీళ్ళు పోసేసరికి పాప కెవ్వున కేకపెట్టి, ఆ కేక మధ్యలోనే ఊపిరి బిగబట్టేసింది. పెదాలు నల్లబడ్డాయి. వీపు మీద చరిచి, ముఖాన ఊది, ఎలాగో ఊపిరి తెప్పించుకుని, కత్తి తగలకుండానే ఇంటికి తెచ్చేసుకున్నాం. ఆ తర్వాత చాన్నాళ్ళు నన్ను కూడా దగ్గరకి రానివ్వలేదు, అప్పటికి వచ్చిన నాలుగు మాటలూ మానేసింది.

అప్పట్నుంచి ఇంట్లో ఏం జరిగినా ఆ తీరని మొక్కు మీదకే పోయేది. గేదె తన్నినా అదే, తుపానుకి వరి పడిపోయినా అదే. అసలు పాప అలా ఉండడానికే అమ్మవారి కోపం కారణమని, గుండు ఒక్కటి అయిపోతే అన్నీ సర్దుకుంటాయని మా మామగారు తేల్చేశారు. ఐదో ఏట ముహూర్తం పెట్టించారు. "నలుగురు గట్టిగా పట్టుకుంటే సిటికెలో అయిపోతాది, పిల్లలన్నాక ఏడవరేటి?" అని ఆయన వాదన. మొక్కుకున్నది తనే గనక మా అత్తగారూ ఆయన వైపే. మా ఆయన ఎటూ కాదు, పశువుల పాకలో పని ఉందని వెళ్ళిపోయేవారు. నాకు అమ్మవారంటే భయం లేక కాదు. కానీ ఈసారి ఆ ఊపిరి తిరిగి రాకపోతే? వచ్చినా, నలుగురూ ఒడిసిపట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డ తల్లి దగ్గరకి పిల్ల మళ్ళీ వస్తుందా?

ఇక్కడ మా అత్తగారి జుట్టు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు తెలియదు. యాభై దాటినా నల్లగా, పీట మీద కూర్చుని విప్పుకుంటే నేల తాకేది. శుక్రవారం వచ్చిందంటే కుంకుడుకాయలు కొట్టుకోవడం, దొడ్లో ఎండకి వీపు పెట్టి ఆరబోసుకోవడం, సాంబ్రాణి పొగ పట్టుకోవడం, ఆ పూట కోడలు మాడిపోయినా ఆవిడకి పట్టదు. ఇంత ముడి చుట్టి, చేమంతులు తురిమి వీధి గుమ్మంలో నిలబడితే పొరుగు ఆడవాళ్ళు ఏదో వంకన వచ్చి చూసి పోయేవారు. నా జడకి ఆవిడ పెట్టిన పేరు ఎలక తోక. "ఒసే, ఇలా రా, నీ ఎలక తోకకి రెండు పూలెడతాను" అని నలుగురిలో పిలిచేది. కడుపు మండిపోయేది గానీ, నిజం చెప్పొద్దూ, నేనూ ఆ జుట్టుని దొంగచాటుగా చూసేదాన్నే.

ముహూర్తం నాడు అమ్మవారి గుమ్మంలో పీట వేశారు. క్షౌరం చేసే పెద్దాయన కత్తి నూరుకుంటుంటే ఆ చప్పుడుకే పాప నా చీర కుచ్చిళ్ళలోకి దూరిపోయింది. విడదీసి మా అన్నయ్య ఒడిలో కూర్చోబెట్టారు. కాళ్ళు ఒకరు, చేతులు ఒకరు, తల మా మామగారు. నీళ్ళు పడ్డాయి. మళ్ళీ అదే కేక, అదే బిగబట్టడం, పెదాలు అలాగే రంగు మారుతున్నాయి. నాకు ఏ దేవతొచ్చి పూనిందో గానీ, మామగారి చెయ్యి లాగేసి, పిల్లని గుండెకి అదుముకుని, ముఖాన ఊది ఊపిరి తెప్పించుకుని, నా పిల్లని ఎవరూ ముట్టుకోవద్దని అరిచాను. కోడలు మామగారి మీద గొంతెత్తడం ఆ ఇంట అదే మొదలు. మామగారు ముఖం ఎర్రజేసుకుని, ఇంటికి అరిష్టం తెచ్చావన్నారు. ఈ మొక్కు తీరకుండా ఇక గడప తొక్కొద్దన్నారు.

అప్పుడు మా అత్తగారు చేతిలో ఉన్న కొబ్బరికాయల పళ్ళెం కింద పెట్టింది. ముడిలో పూలు తీసి పళ్ళెంలో వేసింది. పిన్నులు ఒక్కొక్కటే లాగి కొంగున కట్టుకుని, జుట్టు విప్పేసుకుని, వెళ్ళి ఆ పీట మీద కూర్చుంది.

"ఊఁ, కానీ. గీసీ" అంది.

కత్తి పట్టుకున్న పెద్దాయన మా మామగారి ముఖం చూశాడు. ముత్తయిదువ, ఎదురుగా మొగుడు నిలబడి ఉన్నాడు, ఆయనకి చెయ్యి ఎలా ఆడుతుంది? "ఒసే, మతి పోనాదేటే నీకు? నానింకా బతికే ఉన్నాను!" అన్నారు మామగారు.

"ఉన్నావనే గీయించుకుంటన్నాను. నువ్వు పోయినాక గీయించుకుంటే గొప్పేటుంది? మొక్కింది నాను, గుంట కాదు. అమ్మోరు అడిగితే నన్నడగాల, దాన్నేటడుగుతాది? దాని జుట్టు జానెడు, నాది బారెడు. ఆవిడికేటి నష్టం?"

మామగారు ముఖం అటు తిప్పుకున్నారు, పెద్దాయన కత్తి ఆనించాడు. అమ్మవారికీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు. ఆ జుట్టు పాయలు పాయలుగా ఇసకలో పడుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది, నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. తిరుగుదారిలో ఆటోలో ఆవిడ పసుపూ గంధం పూసిన గుండుతో, దాని మీద కొంగుతో, అటు తిరిగి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం అలవాటు చొప్పున చెయ్యి మెడ వెనక్కి వెళ్ళి, ముడి లేక, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. అది చూసి తట్టుకోలేకపోయాను.

కొద్ది రోజులకి గుండు మీద జుట్టు గరుగ్గా మొలుచుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద చింతపండు గింజలు తీస్తుంటే, పాప వెనక నుంచి వెళ్ళి కాసేపు నిలబడి చూసింది. భయపడితే తప్ప ఎవరి ఒంటి మీదా తనంతట తాను చెయ్యి వేయని పిల్ల, ఆ తల మీద అరచెయ్యి పెట్టింది. ముందుకి రాసింది, వెనక్కి రాసింది. గొంతులోంచి చిన్నగా ఒక నవ్వు వచ్చింది. ఆవిడ కదలకుండా, చేతిలో చింతపండు చేతిలోనే ఉంచుకుని కూర్చుండిపోయింది. చాలాసేపయ్యాక, పాప చెయ్యి దానంతటదే ఆగినప్పుడు, "సరిపోనాదేటే?" అని అడిగింది. ఎన్నాళ్ళో మాట్లాడని నా పిల్ల "ఇంకా" అంది.

అదిగో, అక్కణ్ణుంచి రోజూ అదే. కుక్కరు కూత వేసినా, వీధిలో డప్పులు మోగినా, పాప పరిగెత్తుకెళ్ళి ఆ తల పట్టుకునేది. అరచెయ్యి రాసుకుంటూ రాసుకుంటూ, ఆవిడ భుజం మీదే నిద్రపోయేది. జుట్టు వేలెడు పెరిగేసరికి మాత్రం మెత్తబడిపోయి పాపకి నచ్చలేదు, మళ్ళీ చిరాకులూ ఏడుపులూ మొదలయ్యాయి. మా అత్తగారు ఎవరికీ చెప్పకుండా ఆ పెద్దాయనకి కబురంపి, దొడ్లో కూర్చుని మళ్ళీ గీయించుకుంది. మొదటిసారంటే మొక్కు, ఊరు ఒప్పుకుంది. ఇప్పుడేమిటని ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఓలమ్మ, మొగుడుండగా ఇదేటి సోద్యం" అని మొహం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు. "నా తల, నా మనవరాలు, నీ నొప్పేటి?" అని వాళ్ళకీ సమాధానం అయింది. మా మామగారు కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ పుష్యమాసం చలికి మాత్రం టెక్కలి సంత నుంచి ఒక మంకీ క్యాపు తెచ్చి ఆవిడ మంచం మీద విసిరేసి వెళ్ళారు. చేమంతులన్నీ నా ఎలక తోకకి వచ్చాయి, వద్దంటే తిట్టేది.

ఆవిడ మళ్ళీ జుట్టు పెంచుకోలేదు. పాప ఒక్కసారిగా మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. బడిలో గోడ వారన కూర్చోవడం, గంట కొట్టే ముందు చెవులు మూసుకోవడం చాలా ఏళ్ళు నడిచాయి. కానీ మామ్మ తల తాను ముట్టుకున్నందుకు, తన తల మామ్మ ముట్టుకోవచ్చని మెల్లగా ఒప్పుకుంది. ముందు ఒక వేలు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత ఎప్పటికో దువ్వెన. ఇప్పుడది విశాఖలో ఉద్యోగం చేస్తోంది. చెవులకి హెడ్‌ఫోన్లు లేనిదే బస్సెక్కదు, కొత్త చొక్కా కొంటే ముందు కత్తెర వెతుకుతుంది, అయినా తన బతుకు తాను హాయిగా బతుకుతోంది.

మా అత్తగారు మంచాన పడ్డ ఆఖరి నెలల్లో తల సంగతి ఎవరూ చూడలేదు. తెల్లటి జుట్టు దూదిలా పెరిగిపోయింది. పాప సెలవు పెట్టి వచ్చి, ఆ తల చూసి, ఏమీ అనకుండా బజారుకెళ్ళి జుట్టు తీసే మిషను కొనుక్కొచ్చింది. మిషను చప్పుడు వింటే ఆమడ దూరం పారిపోయే పిల్ల. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పళ్ళు బిగించి, మంచం మీద మామ్మ తల ఒళ్ళో పెట్టుకుని తనే మొత్తం తీసింది. పని అయ్యాక హెడ్‌ఫోన్లు తీసేసి అరచెయ్యి ఆ తల మీద పెట్టింది, ముందుకి రాసింది, వెనక్కి రాసింది. అప్పటికి ఎవరినీ గుర్తుపట్టడం మానేసిన మనిషి, కళ్ళు తెరవకుండానే, "సరిపోనాదేటే?" అంది. పాప "ఇంకా" అంది. ఆ తర్వాత ఆవిడ నోట మేము విన్న మాట లేదు.

చెల్లెలి ఇంటి నుంచి వచ్చాక పాపకి ఫోను చేసి బ్రష్షు సంగతి చెప్పాను. అప్పుడే గీసినట్టు ఉందా, కాస్త మొలిచినట్టు ఉందా అని అడిగింది. కాస్త మొలిచినట్టే ఉందే అన్నాను. అయితే వాడికి నచ్చుతుందిలే అంది.

కాలం మారింది, మంచికే మారింది. ఈ రోజు తల్లిని ఎవరూ గడప తొక్కొద్దనరు, ఆ పిల్లాడి బాధకి ఒక పేరుంది, కూర్చోబెట్టి చెప్పేవాళ్ళున్నారు, ఏ నాయనమ్మా బారెడు జుట్టు ఇసకలో పోసుకోనక్కర్లేదు. చెల్లెలి మనవడికి బ్రష్షు దొరికింది, చాలా సంతోషం. కానీ రాయడం ఆగినప్పుడు, సరిపోనాదేటే అని అది అడగదు కదా.