మా అమ్మ సదరం సాక్ష్యం

మా అమ్మను ఎవరు ఎప్పుడు ఎట్లున్నావని అడిగినా ఒకటే జవాబు. "దేవుని కృప, బాగుండా." జ్వరంతో దుప్పటి కప్పుకుని వణుకుతున్నప్పుడూ అదే. మిరపకోతల్లో తేలు కుట్టి కాలు వాచినప్పుడూ అదే. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి, మూతి ఒక పక్కకు పోయినప్పుడు, ఆసుపత్రి మంచం మీద ఆ వంకర మూతితో ఆమె పలికిన మొదటి మాట కూడా అదే. ఏమంటున్నారని నర్సు నన్ను అడిగింది. బాగున్నానంటోందని చెప్తే నమ్మలేదు.

ఈ అలవాటు మా చర్చి నుంచి వచ్చింది. ఓర్వకల్లు పక్కన గుట్టల మధ్య ఉన్న మా ఊళ్ళో ఆదివారం పాటలయ్యాక ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్తారు. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలేమిటో అందరి ముందూ చెప్పుకోవాలి. గొర్రె తప్పిపోయి దొరికినా సాక్ష్యమే, బోరులో నీళ్ళు పడినా సాక్ష్యమే. కష్టాలు చెప్పుకోవడం మాత్రం సణుగుడు కిందికి వస్తుంది. బైబిల్లో ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి అక్కడే ఎట్లా రాలిపోయారో మాకు పాలు తాగే వయసు నుంచే నూరిపోశారు. మా అమ్మ బడి ముఖం చూడలేదు గానీ, సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే ప్లీడర్లు కూడా కూర్చుని వినాల్సిందే. నేను మాత్రం మా నాన్న పోలిక. ఆయన పోయి పదేళ్ళయినా ఆయన కోపం నా ముక్కు మీద భద్రంగా ఉంది.

మూతి కొన్నాళ్ళకు సర్దుకుంది. కాలు ఈడుస్తూ నడిచే దాకా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. కూలి పనులు ఆగిపోయాయి. అప్పుడు ఆమెకు సదరం సర్టిఫికెట్ ఇచ్చారు. ఒంట్లో వైకల్యం ఎంత శాతం ఉందో డాక్టర్లు చూసి రాసిచ్చే కాగితం అది. దాని మీద పింఛను వచ్చింది. ఆ పింఛనుతోనే ఆమె తన మాత్రలు తాను కొనుక్కుంది, చర్చిలో కానుక తన చేత్తో వేసింది, అన్నిటికంటే ముఖ్యంగా తన ఒంటిగది ఇంట్లో తానే ఉంది. నేను రెండు వీధుల అవతల జాకెట్లు కుడుతూ ఉంటాను. మా ఆయన ఆటో నడుపుతాడు. మా ఇంటికి వచ్చి ఉండమని ఇద్దరమూ ఎన్నిసార్లో అడిగాం. అల్లుడి ఇంట్లో కూర్చుని తినడం ఆమెకు చావుతో సమానం. పొద్దుటే వెళ్తే గడప దగ్గరే కూర్చోబెట్టి, పనులన్నీ అయిపోయాయని చెప్పి పంపించేసేది.

పోయినేడాది మా ఊరి సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. పాత సర్టిఫికెట్ గడువు తీరింది కాబట్టి మళ్ళీ పరీక్షకు రావాలి, నలభై శాతం కంటే తగ్గితే పింఛను ఆగిపోతుంది. ఆగిపోతే ఆ ఇంట్లో ఆమె పొయ్యి ఆరిపోయినట్టే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలిసి కూడా మేము చేసిన తెలివితక్కువ పని ఇప్పుడు తలచుకుంటే నవ్వాగదు. మొదటిసారి ఆసుపత్రి కాగితాలు చూసే రాసిచ్చేశారు కాబట్టి, పరీక్ష అనే మాటతో పిలుపు రావడం మా అమ్మకు జీవితంలో అదే మొదలు. పరీక్ష అంటే పాసు కావాలని ఆమె లెక్క. నెల రోజుల పాటు చర్చి గోడ పట్టుకుని నడక సాధన చేసింది. వ్యాయామం మంచిదే కదా అని నేను మురిసిపోయాను. బుధవారం ప్రార్థనలో పాస్టరయ్య ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, ప్రభువా, డాక్టర్లు చూసి ఆశ్చర్యపోయేలా ఈమెను నిలబెట్టు, నడిపించు అని కన్నీళ్ళతో అడిగాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ గట్టిగానే అన్నాను. మేము ఏం అడుగుతున్నామో అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

కర్నూలు ఆసుపత్రికి ఆమె చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని వచ్చింది. కర్ర నా చేతికిచ్చి డాక్టరు ముందు ఆరడుగులు నడిచింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని వందనాలు పెట్టింది. నీ పనులు నువ్వే చేసుకుంటావా అని ఆయన అడిగాడు. అంతా నేనే చేసుకుంటా సారూ అంది. నేను మధ్యలో నోరు తెరిస్తే, ఆమెనే చెప్పనీ అన్నాడు. చెప్పింది కదా మరి. ఆయన్ని అనడానికేమీ లేదు, చెప్పిందే రాసుకున్నాడు. ఆ ఆదివారం డాక్టరు శానా సంతోషపడ్డాడని ఆమె సాక్ష్యం చెప్తే, చర్చి కప్పు ఎగిరేలా చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలకు కాగితం వచ్చింది. నలభైకి తక్కువ. పింఛను ఆపేస్తామని, అభ్యంతరం ఉంటే అప్పీలు పెట్టుకుని ఇంకోసారి పరీక్షకు రావచ్చని దాంట్లో ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆమెను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆమె అన్నీ విని, తలమీది కొంగు సర్దుకుని ఒకటే అడిగింది.

"అబద్ధం చెప్పమంటావా పాపా?"

అబద్ధం వద్దు, నిజం చెప్పమన్నాను. బాగుండాననేదీ నిజమేనంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అప్పీలు పెట్టి వచ్చాక రోజూ సాయంత్రం నేను డాక్టరు వేషం వేశాను. చెయ్యి ఎట్లుందమ్మా అని అడిగేదాన్ని. లేవదు అని చెప్పాలి, నేర్పించాను. ఆమె తల ఊపేది. మళ్ళీ అడిగితే దేవుని కృప అనేది. మా ఆయన మంచం మీద పడి నవ్వేవాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చేవి.

ఈసారి ప్రార్థన పెట్టిన రోజు పాస్టరయ్య కళ్ళు మూసుకుని మొదలుపెట్టబోయి, మళ్ళీ తెరిచాడు. స్వస్థపరచమని అడిగితే పింఛను పోతుంది. పింఛను కోసం అడిగితే, ప్రభువా ఈమె చెయ్యి బాగు చేయొద్దు అని అడిగినట్టవుతుంది. ముప్పై ఏళ్ళ సేవలో ఇలాంటి చిక్కు ఎదురుకాలేదని నవ్వుకుంటూ ఆయనే ఒప్పుకున్నాడు. చివరికి వెనక వరుసలో ఉన్న ఒక ముసలాయన, ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు ఇమ్మని అడుగుదామన్నాడు. అందరి ప్రాణమూ తేలికపడింది. అట్లనే అడిగాం.

రెండోసారి వెళ్ళిన రోజు వరుసలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను గోళ్ళు కొరుక్కుంటూ ఉంటే, అమ్మ పక్కనున్న వాళ్ళందరి బాధలూ అడిగి తెలుసుకుని, ఒక్కొక్కరి కోసం చిన్న ప్రార్థన చేస్తూ కూర్చుంది. మా వంతు వచ్చేసరికి సగం వరుస ఆమెకు చుట్టాలైపోయారు.

లోపల చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. కడప వైపు యాస. కాగితాలు చూసి, తలెత్తి, ఎట్లుండావు పెద్దమ్మా అని అడిగింది.

"దేవుని కృప తల్లీ, బాగుండా."

నేను కళ్ళు మూసుకున్నాను. నెల రోజుల పాఠం గంగలో కలిసింది.

డాక్టరమ్మ పెన్ను టేబుల్ మీద పెట్టింది. పొద్దున ఏం తిని వచ్చావని అడిగింది. జొన్నరొట్టె అంది అమ్మ. ఎవరు చేశారంటే, నేనే అంది.

"ఒంటి చేత్తో రొట్టె ఎట్లా కొడతావు? నాకు రెండు చేతులున్నా రాదే."

అంతే. మా అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఆదివారం సాక్ష్యానికి లేచేటప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు వచ్చింది. పీట మీద తడిగుడ్డ పరిచి, ముద్దను ఎడమ అరచేత్తో కొడుతూ, పీటను కాలితో నెట్టి తిప్పుతానని చెప్పింది. రొట్టెను చేత్తో లేపలేదు కాబట్టి గుడ్డతో సహా పెనం మీద బోర్లించి, గుడ్డ లాగేస్తుంది. రెండు రొట్టెలకు ఎంతసేపు పడుతుందని డాక్టరమ్మ అడిగింది. కోడి కూయకముందు మొదలుపెడితే ఎండ గడపలోకి వచ్చేసరికి అయిపోతాయంది. రెండు రొట్టెలకు! ఆ చెయ్యి బాగున్న రోజుల్లో పదిమంది కూలీలకు రొట్టెలు కొట్టి, కోడి కూసేలోపు చేనికి పోయిన మనిషి.

డాక్టరమ్మ రాసుకుంటూ, మరి చీర ఎట్లా కడతావంది. ఒక చెంగు తలుపు గొళ్ళేనికి ఇరికించి, తానే గుండ్రంగా తిరుగుతుందట. జాకెట్టు సంగతి అడిగింది. కింది హుక్కులు ఎప్పుడూ విప్పదట, తలమీద నుంచి తొడుక్కుని తలమీద నుంచే తీస్తుందట. ఆ జాకెట్లు కుట్టింది నేను. ఊరందరి ఒంటి కొలతలూ నాకు నోటికి వచ్చు. మా అమ్మ జాకెట్టు ఎట్లా తొడుక్కుంటుందో నాకు తెలియదు. వదులుగా కుట్టు పాపా, గాలాడతాది అంటే, సరేనని వదులుగా కుట్టాను.

జుట్టు ముడి వేసుకోవడం రాదు కాబట్టి కొంగు కప్పుకుంటానంది. మేమంతా అది భక్తి అనుకున్నాం. కొంగు కొంచెం జరిపి చూపిస్తే వెనక జుట్టంతా చిక్కులు పడి కొబ్బరిపీచు ఉండలా ఉంది. చీకటిపడ్డాక లేచి బయటికి పోవడం కష్టమని సాయంత్రం నుంచి నీళ్ళు తాగదట. ఇది కూడా గొప్పగానే చెప్పింది. ఒక్కొక్కటి చెప్పడం, చివర దేవుని కృప అనడం. ఒక్క అబద్ధం లేదు, ఒక్క సణుగుడు లేదు. చేతకానివన్నీ వరసగా చేతనైనవిగా చెప్పుకుంటూ పోయింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను, సిగ్గుతో ఏడ్చాను.

తర్వాత డాక్టరమ్మ చెయ్యి లేపి చూసింది, వేళ్ళు పట్టుకోమంది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, కర్ర లేకుండానూ కర్రతోనూ నడిపించింది. అన్నీ అయ్యాక, ఈ రోజు నీ అంత బాగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు పెద్దమ్మా అంది. అమ్మ నా వైపు తిరిగి చూసిన చూపు, పాసైన పిల్ల వాళ్ళమ్మను చూసే చూపు.

బయటికి వచ్చి ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. ఆమె మూడు బజ్జీలు తిని, నా ప్లేటులోదీ ఒకటి తీసుకుంది. ఇవన్నీ నాకెందుకు చెప్పలేదని అప్పుడడిగాను. ఆమె నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని చెప్పింది.

"చెప్తే నువ్వు నా ఇంటికి తాళమేసి నన్ను మీ ఇంటికి తీసకపోతావు. నాకు తెల్దా నీ సంగతి?"

నిజమే. తాళం కప్ప కూడా కొని పెట్టాను. ఆమె దగ్గర ఆ మాట ఒప్పుకోలేక ఇంకో బజ్జీ తెప్పించాను.

నెల తిరక్కుండానే సచివాలయంలో కొత్త సర్టిఫికెట్ ఇచ్చారు. నలభైకి చాలా పైన. పైగా శాశ్వతమని రాసి ఉంది, ఇంక పరీక్షల్లేవు. వీధిలోనే చదివి వినిపించాను. అంకె విని అమ్మ ముఖం ముడుచుకుంది.

"అంత చెడిపోయినానా నేను?"

నేనూ మా ఆయనా పడీపడీ నవ్వాం. మమ్మల్ని చూసి ఆమె కూడా నవ్వింది. పింఛను ఖాయం, ఇల్లు ఖాయం. ఆ కాగితాన్ని చీర మడతలో దోపుకుని నాలుగడుగులు వేశాక, నా ముఖం చూడకుండా, రేపు పొద్దున వచ్చి తల దువ్వి పో అంది. వచ్చేటప్పుడు ఒక బిందె నీళ్ళు కూడా తెచ్చి పెట్టాలట. రొట్టెలు మాత్రం ముట్టుకోకూడదట.

మర్నాడు కొబ్బరినూనె సీసా పట్టుకుని వెళ్ళాను. గడప దగ్గర ఆపలేదు. పొయ్యి పక్కనే పీట వేసుకుని నాకు వీపు పెట్టి కూర్చుంది. సగం సీసా నూనె పోసి, వేళ్ళతో ఒక్కొక్క పాయా విడదీశాను. ఒకచోట చిక్కు గట్టిగా ఉంటే దువ్వెన పెట్టి లాగాను.

"మెల్లగా లాగు మే, నొప్పి పుడతాంది."

నా చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళ నా బతుకులో మా అమ్మ నోట నొప్పి అనే మాట వినడం అదే మొదలు. ఏమన్నావని అడిగాను. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి నాలుగు తిట్లు కలిపి.