ఏడో తరగతి గీసిన నక్ష

డిసెంబరు మొదటి వారంలో ఎల్లారెడ్డిపేట అవతల ఒక ఊళ్లో దిగాను. నక్సలైట్లను పట్టుకోవడానికి వచ్చిన మా క్యాంపును బడిలో పెట్టారు. సగం గదులు మావి, సగం పిల్లలవి. మధ్యలో ఇసుక బస్తాల గోడ. మనిషికి ఒక రైఫిలు, అరవై తూటాలు, ఒక కంబళి. పొగమంచులో ఎదురు గుట్ట ఎనిమిది దాకా కనిపించేది కాదు.

కేంద్ర బలగం నుంచి వచ్చిన మాలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ డ్యూటీ అడిగి వేయించుకున్నాను. అంతకు ముందు ఏడాది సిరిసిల్ల రోడ్డు మీద మందుపాతర పేలి నా తమ్ముడు చనిపోయాడు. కానిస్టేబులు. పాతర పెట్టినవాడి గురించి మాకు తెలిసింది ఒక్కటే: కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

సోషల్ సారు బదిలీ చేయించుకుని పోయాడు. హెడ్‌మాస్టరు నన్ను పట్టుకున్నాడు.

"నక్షలు చదువుడు మీ పనే గదా, ఫౌజీ సాబ్. ఢిల్లీ ఫౌజు ఓరుగల్లు మీదికొచ్చిన పాఠం మీరే చెప్పరాదుండ్రి."

పదకొండు నుంచి పన్నెండు దాకా ఏడో తరగతికి నేల మీద సుద్దతో గీసేవాణ్ణి. గోదావరి, మట్టికోట, లోపల రాతికోట, కందకాలు. వైర్‌లెస్ ఆపరేటరు బస్తాల మీదుగా తొంగిచూసి హిందీలో, "మాస్టర్‌జీ, కోట ఇవాళైనా పడుతుందా?" అనేవాడు.

ముందు వరసలో కూర్చునే పిల్ల అడిగింది. "సార్, ఏడ ఢిల్లీ, ఏడ ఓరుగల్లు! గాళ్లకు బాటలెట్ల తెలిసినయ్?"

"తెలిసినోళ్లను అడుగుతరు బిడ్డా."

అన్నాక నాకే తట్టింది. "రేపు మన ఊరి నక్ష గీసుకరాండ్రి. ఫౌజొస్తే ఏ బాటన వస్తదో చూద్దాం."

అది పాఠం కోసం చెప్పిన మాట కాదు.

పద్ధతిగా గీసింది ఆ పిల్లే. గుట్ట, మక్కచేను, బాయి, వాళ్ల పెరడు. గుట్ట నుంచి పెరటి దాకా చుక్కల గీత.

"గిదేంది?"

"మామ వచ్చే బాట సార్. వారానికోపాలి పొద్దుగాల్ల వచ్చి సద్ది తిని పోతడు. చేతికి ఏళ్లు లేవు గదా, నేనే కలిపి ముద్దలు జేసిస్త." నాలుక కరుచుకుంది. "ఎవ్వలకు చెప్పకుండ్రి సార్."

"చెప్ప."

సాయంత్రం ఆ కాగితాన్ని కమాండరు ముందు పెట్టాను.

ఐదో రోజు తెల్లవారకముందే ఎనిమిది మందిమి మక్కచేనులో బోర్లా పడుకున్నాం. మంచుకు చొక్కాలు తడిసిపోయాయి. ఆరూ ఇరవైకి అతడు బాయి దాటాడు. మొదట కాల్చింది నేనే. ఆపరేటరు రేడియోలో, "ఒకడు. మనవాళ్లందరూ క్షేమం," అన్నాడు. నేను అతడి కుడిచెయ్యి ఎత్తి చూసి వదిలేశాను. ఏడాది తర్వాత గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను.

శవాన్ని బడి ముందు పడుకోబెట్టి ఊరివాళ్లను పిలిచారు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ పిల్ల తల్లి కూడా. పిల్లను అడగమని కమాండరు నాకు చెప్పాడు.

"ఎవలు బిడ్డా?"

"తెల్వదు సార్."

ఏప్రిల్‌లో సెలవు మీద జగిత్యాలలో బస్సు మారి కోరుట్లలో మా ఇంటికి చేరాను. అమ్మ మంచినీళ్లు ఇవ్వకముందే అడిగింది.

"వాడేనా?"

"వాడే."

"మొఖం చూసినవా?"

"చూసిన."

"చిన్నోన్ని మూటల తెచ్చిండ్రు. మొఖమే లేకపాయె." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మంచిగైంది."

మంచిగైంది. ఈ రోజుకీ నేను అదే అంటాను. కానీ ఆ రోజు తెలియదని చెప్పిన ఆ పిల్ల శవం పక్క నుంచి జరగలేదు. వాళ్ల మామ ముఖం మీద వాలుతున్న ఈగలను చేత్తో తోలుతూ, నన్నే చూస్తూ నిలబడింది.