పడగొట్టిన మలుపు గోడ

జపాను కోట గుమ్మానికి ఎదురుగా ఉండాల్సిన గోడను పడగొట్టి, కాఫీ హోటలుకు తిన్నగా సిమెంటు దారి వేశారు. జరిగింది జపానులో కాదు. సిడ్నీకి పడమర, బ్లూ మౌంటెన్స్ దాటాక వచ్చే ఒక చిన్న ఊరి తోటలో. ఆ ఊరివాళ్లు ఒకప్పుడు చందాలు వేసుకుని, రాయీ కర్రా తెప్పించి, అసలు కోట కొలతలతో ఆ గుమ్మం కట్టుకున్నారు. ఇప్పుడు దాని ప్రాణం తీసి బొమ్మగా నిలబెట్టారు.

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది మా బావమరిది ప్రసాదు నోరు మూయించడానికి. సిడ్నీలోనే హారిస్ పార్కులో ఉంటాడు. కొన్నేళ్ల కిందట ఆ తోట చూసొచ్చి, "గుమ్మంలో అడుగుపెడితే ఎదురుగా గోడే" అని చెప్పాను. అంతే, ఏ పుట్టినరోజు విందులో కలిసినా అందరి ముందూ అదే పాట. "గుమ్మానికి ఎదురుగా గోడ కట్టే వెర్రివాడెవడు బావా? నువ్వే కట్టి ఉంటావు, నీ బుర్రలో!" నేను కాలేజీ మెట్టు ఎక్కినవాణ్ణి కాను. కోటల గురించి తెలిసిందంతా లైబ్రరీల్లో కూర్చుని నేర్చుకున్నదే. ఆ నవ్వులు విని విని మనవలు కూడా నేనేం చెప్పినా "రియల్లీ, తాతా?" అనడం మొదలుపెట్టారు. ఆ మాట గుచ్చుకుంది. వీణ్ణి తీసుకెళ్లి ఆ గోడ ముందు నిలబెడదామనుకున్నాను.

పొద్దున్నే మా రౌస్ హిల్‌లో బస్సెక్కి పారమాట్టా రైల్వే స్టేషను చేరాను. ప్రసాదు మైసూరుపాకు పొట్లంతో ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఏడున్నర దాటాక రైలొచ్చింది. పెన్షనర్లకు టికెట్టు తక్కువే కానీ సీటు ముందే బుక్ చేసుకోవాలి.

కొండలెక్కుతుండగా పాఠం మొదలుపెట్టాను. ప్రాంతానికొకడుగా ఏలుకునే అక్కడి దొరలు ఒకళ్లనొకళ్లు కొట్టుకు చస్తున్న కాలంలో జపానుకు తుపాకులొచ్చాయి. గోడ ఎత్తు ఒక్కటే కాపాడదని వాళ్లకు తెలిసింది. శత్రువు నడిచే దారినే ఆయుధం చేశారు. బయటి గుమ్మం చిన్నది. దాటితే నాలుగు పలకల ఆవరణ, ఎదురుగా గోడ. పెద్ద ద్వారం కుడి పక్కన ఉంటుంది. ఉరుకుతూ వచ్చినవాడు ఆగాలి, తిరగాలి. వెనకవాళ్లు తోస్తుంటారు. గోడల్లో బాణాలకు నిలువు కంతలు, తుపాకులకు గుండ్రటివీ మూడు మూలలవీ. ద్వారం మీది గదిలోంచి కూడా దెబ్బ పడుతుంది.

"మన గోల్కొండలో బాలాహిస్సారు దర్వాజా ముందు అడ్డుగోడ లేదూ?" అన్నాను.

"అది ఏనుగులు గుద్దకుండా. జపానులో ఏనుగులెక్కడివి బావా?"

ఎదుటి సీట్లోని అమ్మాయి ఫక్కున నవ్వింది. కరీంనగర్ పిల్ల, అటువైపు యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోందట. "ఆ గార్డెన్‌కి మేం వీకెండ్ పోతం అంకుల్. కాఫీ మస్తుంటది."

"అక్కడ గోడ ఉంది కదమ్మా?"

"గోడనా? నేనైతే సూడలే."

ప్రసాదు వెంటనే ఆమెకు ఒక మైసూరుపాకు ముక్క ఇచ్చాడు, సాక్షికి ఫీజు చెల్లించినట్టు.

పదకొండుకల్లా దిగాం. స్టేషన్నుంచి తోటకు నడిచిపోవచ్చు, దారంతా చదును. రాతి పునాది అలాగే ఉంది. కింద వెడల్పుగా పరుచుకుని పైకి పోయేకొద్దీ నిటారుగా లేచే ఆ వంపు చూసి ప్రసాదు కూడా "బాగుందే" అన్నాడు. గుమ్మం దాటాం. ఎదురుగా కాఫీ హోటలు గొడుగులు.

"ఏది బావా నీ గోడ?"

అటూ ఇటూ వెతికాను. గోడ రాళ్లు పూలమొక్కల చుట్టూ పేర్చి ఉన్నాయి. జపానులో దొరల పాలన పోయాక కొత్త ప్రభుత్వమే ఎన్నో కోటల్ని కూలగొట్టించింది. మిగిలినవాటిలో కొన్ని యుద్ధంలో బాంబులకు తగలబడ్డాయి. వాటిని మళ్లీ కట్టుకున్నవాళ్లున్నారు. ఇక్కడ ఏ యుద్ధం వచ్చిందని? టికెట్ల దగ్గరున్న ఆవిణ్ణి అడిగాను. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లనీ 'లవ్' అనే పిలుస్తారు.

"నేను కొత్తగా చేరాను లవ్. ఆఫీసుకు మెయిల్ పెట్టండి."

ఆఫీసుకు ఫోన్ చేస్తే మెయిలే పెట్టమన్నారు. హోటలు బల్ల దగ్గరే కూర్చుని రాశాను. గోడ ఎవరు కూల్చారు, ఎందుకు కూల్చారు, మళ్లీ ఎప్పుడు కడతారు? పక్కనుంచి ప్రసాదు, "కాస్త మెత్తగా రాయి బావా, కేసు పెడతారు" అన్నాడు. ఒక్క మాట తగ్గించలేదు. తెచ్చుకున్న పులిహోర సహించలేదు. హోటలు కాఫీ అయితే ముట్టుకోనే లేదు.

సాయంత్రం ఐదు దాటాక తిరుగు రైలు. మీలో ఎవరైనా వెళితే ఆ రాతి పునాది కోసం వెళ్లండి, దానికోసం ఒక రోజు ఇవ్వొచ్చు. గుమ్మం దాటాక మాత్రం ఏమీ నేర్చుకోలేరు. ఒక కోటను శత్రువు చేతిలోంచి కాపాడటం కన్నా, చూడవచ్చినవాడి తొందరలోంచి కాపాడటం కష్టమని నాకర్థమైంది.

ప్రసాదు కొండల దాకా నన్ను ఆట పట్టిస్తూనే ఉన్నాడు. కొండల మీది కటూంబా స్టేషను దాటాక జవాబొచ్చింది. ఫోను వాడికిచ్చి, గట్టిగా చదవమన్నాను. ఇంగ్లీషులో చదివాడు, సగంలో వాడి గొంతు తగ్గింది. తెలుగులో ఇది:

"అయ్యా, ఆ గోడ వల్ల సందర్శకులకు చాలా ఇబ్బందిగా ఉండేది. లోపలికి రాగానే దారి కనపడక ఆగిపోయేవారు. వెనకవాళ్లు తోసుకొచ్చేవారు. అందరూ ఆ ఆవరణలో ఇరుక్కుని ముందుకూ వెనక్కూ కదల్లేకపోయేవారు. మా ఉద్యోగి ద్వారం మీది గదిలోంచి వాళ్లమీద అరవాల్సి వచ్చేది. అది అక్కడ ఎందుకు కట్టారో మాలో ఎవరికీ తెలియలేదు. అందుకే తీసేశాం."