సయీదా ఖాకీ కోటు

మా పక్కింటి మీరా సాహెబ్ మావయ్య బందరులో పేరున్న టైలరు. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుంటే బక్కపల్చటి గుమాస్తా కూడా పోలీసు ఇన్‌స్పెక్టరులా కనిపించేవాడు. ఆయన కూతురు సయీదా, నేనూ ఇంటరు దాకా ఒకే రిక్షాలో వెళ్లాం. వాళ్ల నాన్న కుట్టుమిషను విప్పి బిగించడం దానికి ఆట. ఆ పిచ్చి ముదిరి, డెబ్భై ఎనిమిదిలో మెకానికల్ ఇంజనీరింగులో సీటు తెచ్చుకుంది.

వాళ్లింట్లో పెదనాన్న చాంద్ బాషా గారి మాటే మాట. ఆయన ససేమిరా అన్నారు. చివరికి ఒక్క షరతు మీద దిగొచ్చారు. మగపిల్లల మధ్య దాని ఒంటి తీరు తెలియకూడదు. అంతేకదా అని మావయ్య సంబరపడిపోయి, వర్క్‌షాపు కోసం మడమల దాకా ఖాకీ కోటు కుట్టాడు. ఒంటికి, గుడ్డకి మధ్య ఇంకో మనిషి పట్టేంత వదులు.

"చూడు సత్యవతీ, ఎవరైనా వంక పెట్టగలరా?" అని నాకు చూపించి మురిసిపోయాడు. నాకూ బాగానే ఉందనిపించింది. మాలో లేతు మిషను చూసిన మొహాలెవరివి గనక!

మొదటిరోజే ఇన్‌స్ట్రక్టరు కోటిలింగం గారు సయీదాని లేతు దగ్గరికి రానివ్వలేదట. "అమ్మా, తిరిగే మిషనుకి గుడ్డ అంచు చిక్కిందంటే మనిషినే లాగేసుకుంటుంది. ఒంటికి పట్టిన బట్టలు వేసుకుని రా," అన్నారట. ఆయన తప్పేం లేదు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది, తిట్టుకోడానికి కూడా ఒక మనిషి లేడు. తోటి కుర్రాళ్లు ఇనుము చెక్కుతుంటే అది కమ్మీల అవతల నిలబడి చూసింది.

దసరా సెలవులకి వచ్చి కోటు తండ్రి ముందు పెట్టింది. ఆయన కోటు చేతులు బిగువు చేశాడు. కింద కత్తిరించాడు.

"నడుం దగ్గర కూడా పట్టాలి నాన్నా. వర్క్‌షాపు చెయ్యకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు," అంది.

మావయ్య సుద్దతో గీత గీసి కత్తెర అందుకున్నాడు. అరుగు మీదున్న చాంద్ బాషా గారు, "మీరా, నీ మాట నమ్మే కదా పంపించాను," అన్నారు. గొంతు కూడా పెంచలేదు. మావయ్య కత్తెర కింద పెట్టేశాడు.

"నా వల్ల కావడం లేదమ్మా," అన్నాడు కూతురి మొహం చూడకుండా. అంత గొప్ప టైలరు! నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడాది చివర సయీదా తిరిగొచ్చి బందరులోనే బీయస్సీలో చేరింది. కోటు షాపులో మేకుకి వేలాడుతూ ఉండేది.

ఒకరోజు రైసుమిల్లులో పనిచేసే యలమంద ఖాకీ చొక్కాల కోసం వచ్చాడు. "మిషను పట్టీల దగ్గర పని మావయ్యా, కాస్త బిగువుగా కుట్టు," అన్నాడు. ఖాకీ గుడ్డ అయిపోయింది. మావయ్య మేకు మీద కోటు దించి, పాత సుద్దగీత దులిపి కత్తెర వేశాడు. అందులో రెండు చొక్కాలు వచ్చాయి.

యలమంద తొడుక్కుని చూపిస్తే, "భేష్, అతికినట్టుంది," అన్నారు చాంద్ బాషా గారు.

రెండో చొక్కాకి గుండీలు సయీదా కుడుతోంది.