వాకిటి ముందరి రాయి

హోసూరు నుంచి అత్తిముగం వైపు పోయే రోడ్డుకు వంకరలు తీసి వెడల్పు చేస్తారని, ఎనభైల మొదట్లో సర్వేవాళ్ళు వచ్చి మా అంగడి ముందర ఒక రాయి పాతిపోయారు. పొలానికి ఉన్నట్టే రోడ్డుకూ అది హద్దురాయి అని ఇంట్లో అందరూ ధైర్యపడ్డారు. అత్తగారు ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమలు పెట్టేవారు. మా ఆయన రాయి దాకా కొత్త అరుగు కట్టించారు.

నాకు మాత్రం సందేహం తీరలేదు. హద్దు అయితే అవతలి వైపు కూడా రాయి ఉండాలి. ఒక మధ్యాహ్నం వెతికి వచ్చాను.

"ఆపక్క యాడా రాయి లేదత్తమ్మా," అన్నాను.

"నీకు అన్నీ కొలతలే. మనకు పెట్టినారు, చాల్లే పో," అని ఆవిడ నవ్వారు.

కార్తీకంలో రోడ్డు మేస్త్రీ వచ్చాడు. పసుపు రాసిన రాయిని, కొత్త అరుగును మార్చి మార్చి చూశాడు.

"ఇది అంచు కాదప్పా. రోడ్డుకు నడిమధ్య ఈడే," అన్నాడు.

టేపు కొసను రాయి మీద పట్టుకోమని మా ఆయన చేతికిచ్చి, తాను అంగడిలోకి నడిచాడు. గల్లాపెట్టె దాటి, అంగడి వెనకే ఉన్న మా వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొయ్యికి అవతలి గోడ మీద సుద్దతో గీత గీశాడు.