తోడిపెట్టిన చెలమ

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను శ్రీకాళహస్తికి కోడలినై వచ్చాను. చిత్తూరులో మా పుట్టింటి పెరట్లోనే బావి ఉండేది. ఇక్కడ ఎండాకాలమొస్తే స్వర్ణముఖి ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళను టెంకాయ చిప్పతో బిందెకెత్తుకోవాలి. అంతటితో అయిపోతే సంతోషమే. బిందె నిండాక అడుగున మిగిలిన బురద నీళ్ళు తోడి పారబోసి, గొడ్లు దిగకుండా పైన తుమ్మకంప వేసి రావాలని మా అత్త చట్టం. తర్వాత వచ్చేవాళ్ళకు తేట నీళ్ళు దొరకాలట.

ఆ తర్వాత వచ్చేది ఎవరనుకున్నారు? మా పెద్దత్త, అంటే మా అత్తకు తోడికోడలు. రెండిళ్ళదీ కలంకారీ పనే. వేరుపడినప్పుడు బట్టలుడకబెట్టే రాగి డేగిసా ఎవరికి రావాలన్న దానిమీద ఇద్దరికీ మాటలు పోయాయి. డేగిసా మా ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచీ ఒకరి నీడ ఒకరికి గిట్టదు. చెలమ మాత్రం ఒకటే.

"మాటల్లేవు కదత్తా, ఆమెకెందుకు తోడేది?" అని మూతి ముడిచేదాన్ని.

"తోడు మే. నోరు కాదు, చెయ్యి ఆడనీ" అనేది అత్త.

నడుము లాగేది, ఒళ్ళు మండేది. అయినా రోజూ తోడేదాన్ని.

ఒక వేసవిలో అత్తకు విషజ్వరం పట్టుకుంది. కడుపులో ఏదీ నిలవడం లేదు. తేట నీళ్ళు కాచి చల్లార్చి గుక్కగుక్కగా పోస్తుంటేనే మనిషి దక్కుతుందని వైద్యుడు చెప్పి వెళ్ళాడు. మర్నాడు ఆమె ఒళ్ళు తుడిచి, కాస్త కునుకు పట్టేదాకా కూర్చునేసరికి పొద్దెక్కింది. బిందె తీసుకుని ఏటికి పరుగెత్తాను. ఆ ఎండలకు చెలమలో ఒక బిందెడు ఊరడమే గగనం. పెద్దత్త ఈపాటికి ఎత్తుకుపోయి ఉంటుంది, నాకు మిగిలేది బురదే అని దారంతా ఏడుపొచ్చింది.

పెద్దత్త చెలమ పక్కనే ఇసుకలో కూర్చుని ఉంది. ఆమె బిందె ఖాళీ. చెలమ నిండా తేట నీళ్ళు.

"మీ ఇంటికి వైద్యుడొచ్చి పోయినాడంట కదా, ముంచుకో. మళ్ళా ఊరేదాకా నేను ఈడనే ఉంటా" అంది, ముఖం అటు తిప్పుకుని.

గబగబా బిందె నింపుకున్నాను. ఇంటికి పరుగెత్తాలన్న ఆత్రంలోనే మళ్ళీ వంగి, అడుగునున్న బురద నీళ్ళు తోడి పారబోశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. తలెత్తితే పెద్దత్త నా చేతులకేసి చూస్తోంది.

"మా చెల్లెలి చెయ్యి నీకూ వచ్చిండాది" అంది.

సాయంత్రానికి అత్త కడుపులో నీళ్ళు నిలిచాయి. అప్పుడు జరిగిందంతా చెప్పాను. పెద్దత్త నోట తనను చెల్లెలన్న మాట వచ్చిందనేసరికి అత్త కళ్ళు మూసుకుంది.

"ఆ డేగిసా తోమి పెట్టు మే. రేపు అక్కను పిలుచుకోని రా, తీసుకోని పోతాది."

నేను అప్పటికప్పుడే రాగి తోమడానికి చింతపండు నానబెట్టాను.